వోర్గన్‌ను తొమ్మిదిసార్లు చంపిన నూకరత్నం

మా నూకరత్నం అత్తకు యాభై నాలుగేళ్లు. సుగర్ లేదు, బీపీ లేదు, అబద్ధాలాడే అలవాటు లేదు. మొదటి రెండూ డాక్టర్ చెప్పాడు కాబట్టి అందరూ నమ్మారు. మూడోది ఆవిడే చెప్పుకుంది కాబట్టి ఎవరూ నమ్మలేదు. దీనంతటికీ కారణం ఒక కంప్యూటర్ ఆట.

ఆట పేరు 'వోర్గన్ కోట'. ఇరవై ఏళ్ల కిందటిది. తుపాకీ పట్టుకుని ఒక పాడుబడ్డ కోటలోకి వెళ్లాలి. లోపలంతా ఎత్తయిన గోపురాలు, కొవ్వొత్తులు, శవపేటికలు. పేటికల మూతలు తీసుకుని రక్తం తాగే పిశాచాలు లేచి వస్తాయి. వాటిని కాల్చుకుంటూ పోతే ఆఖరి గదిలో వాటి దొర వోర్గన్ ఉంటాడు. నల్ల కోటు, సున్నం కొట్టిన మొహం. వాణ్ని చంపితే ఆట అయిపోతుంది.

అత్త వాణ్ని చంపింది. చంపితే మళ్లీ లేచాడట. అలా తొమ్మిదిసార్లు లేచాడట, తొమ్మిదిసార్లూ చంపిందట. ఈ కథ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నాను. పెళ్లి పందిళ్లలో చెప్పింది, ఓడ ఆలస్యమైతే జెట్టీ మీద చెప్పింది, రక్తపరీక్షకు క్యూలో నిలబడి పక్కావిడకు చెప్పింది. ఆవిడకు మాత్రం ఆ రోజు నిజంగానే బీపీ పెరిగింది.

అసలు అత్త చేతికి ఆ ఆట ఎలా వచ్చిందంటే, రెండువేల మూడులో ధనరాజు మావయ్య పోర్ట్ బ్లెయిర్‌లోని డెలానీపూర్‌లో కంప్యూటర్ షాపు పెట్టాడు. విశాఖపట్నం నుంచి ఓడలో మూడు కంప్యూటర్లు వచ్చాయి. మావయ్య కాంట్రాక్టు పనుల మీద దీవులన్నీ తిరుగుతుంటే షాపులో అత్త కూర్చుని దరఖాస్తులు టైపు చేసేది. కంప్యూటర్లతో పాటు ఒక ప్లాస్టిక్ కవరులో సీడీ వచ్చింది. ఎలా ఆడాలో చెప్పే పుస్తకం గాని, కాగితం గాని లేవు. ఇంటర్నెట్‌లో చూద్దామంటే, అప్పట్లో ఒక పేజీ తెరుచుకునేలోగా టీ తాగి గ్లాసు కడుక్కుని రావచ్చు. అంచేత ఆ ఆట గురించి లోకం ఏమనుకుంటోందో అత్తకు తెలియదు. జనం లేనప్పుడు తనే పడుతూ లేస్తూ నేర్చుకుంది. తొమ్మిదేళ్లు ఆడింది. తర్వాత షాపు మూసేశారు. కథ మాత్రం మూసేయలేదు.

కిందటేడు ఆ ఆటను చవగ్గా మళ్లీ అమ్మకానికి పెట్టారు. నేను కొని నా లాప్‌టాప్‌లో వేసుకున్నాను. దాని పేజీలో ఆడినవాళ్లంతా తమ అభిప్రాయాలు రాస్తున్నారు. ఆస్టినాబాద్‌లో అత్త ఇంటికి వెళ్లి సంగతి చెప్పాను. అత్త ఆనందం చూడాలి. పొయ్యి ఆపేసి, చేతులు తుడుచుకుని, జడ ముడి వేసుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"చదువే లహరీ, చదువు! నాలాటోళ్లు ఎంతమందున్నారో సూద్దాం."

చదివాను. ఒకడు ఐదుకు రెండు మార్కులు వేసి, 'భయం వేయలేదు, నిద్ర వచ్చింది' అని రాశాడు. ఇంకొకడు సంగీతం బాగుందనీ పిశాచాలు మాత్రం పింఛను తీసుకునే వయసులో ఉన్నాయనీ రాశాడు. కోట మీద వెన్నెల చాలా అందంగా ఉంది, ఆ వెన్నెల కోసమే మళ్లీ మళ్లీ ఆడతానని ఒకావిడ. 'వోర్గన్ ఆరు గుండ్లకే పోయాడు, ఇంత చిన్న చావుకు అంత పెద్ద కోటెందుకు' అని మరొకడు.

అత్త మొహం ఎర్రబడింది.

"ఎన్నెలేటి? కోటలో సెందురుడెక్కడున్నాడే? బిల్కుల్ అంధేరా, కటిక సీకటి! ఆరు గుండ్లేటి? ఈళ్లెవరూ ఆట ఆడనేదు. కవరు మీద బొమ్మ చూసి రాసీసారు. రాయి, నా పేరు పెట్టి రాయి!"

ఆవిడ చెబుతుంటే ఇంగ్లీషు చేసి రాశాను. చంద్రుడు ఉండడు. లోపల అడుగు పెట్టగానే గంట పన్నెండుసార్లు కొడుతుంది. వోర్గన్ తొమ్మిదిసార్లు లేస్తాడు. ఇంత కష్టమైన ఆట ప్రపంచంలో లేదు. ఆడకుండా మాట్లాడకండి. ఇట్లు, నూకరత్నం, పోర్ట్ బ్లెయిర్.

జవాబులు రావడానికి గంట కూడా పట్టలేదు. గంటా లేదు గింటా లేదన్నారు. మీరు ఆడింది వేరే ఆటేమో చూసుకోండి అన్నారు. ఒక పుణ్యాత్ముడు, 'అమ్మగారూ, డాక్టరుకు చూపించుకోండి' అని రాశాడు. లోకమంతా అత్త ఆడలేదంటుంది, అత్తేమో లోకమే ఆడలేదంటుంది. మధ్యలో టైపు చేసేదాన్ని నేను.

ఇది కొండంత కబురై దీవుల ఉత్తర కొసనున్న మాయాబందర్ చేరింది. అక్కడ మావయ్య తమ్ముడు సత్యారావుకు ఇనుప సామాన్ల షాపు ఉంది. ఆయనకు అత్త మీద ప్రేమ, అత్తను ఏడిపించడం మీద ఇంకా ప్రేమ. ఆ ఆట కొని, షాపులో బేరాల్లేని మధ్యాహ్నాలు రెండు ఆడి, పూర్తి చేసేసి, సరుకు కొనే నెపంతో ఆదివారం నాటికి ఆస్టినాబాద్‌లో దిగాడు. సూరచేప పులుసుతో సుష్టుగా భోంచేసి చెయ్యి కడుక్కుంటూ మొదలుపెట్టాడు.

"వదినా, మీ వోర్గన్ నా సేతిలో ఆరు గుండ్లకి పోయాడు. లేస్తాడేమోనని పావుగంట కూకున్నాను. పాపం, కదల్నేదు."

"ఝూఠ్!" అంది అత్త.

"నాది ఝూఠ్ కాదు, మీదే. ఇరవై ఏళ్ల నుంచీ మా సెవులు కోసీసారు. సరే, చీకటి పడేలోగా నా కళ్ల ముందు తొమ్మిదిసార్లు లేపి, తొమ్మిదిసార్లు సంపండి. సంపితే, ఆ పేజీలో నేను దద్దమ్మనని నా పేరెట్టి రాస్తాను. సంపనేకపోతే ఇంక జన్మలో కోట మాట ఎత్తకూడదు. మంజూరేనా?"

"మంజూర్!" అని అత్త మంచం మీద పేపరు చదువుతున్న మావయ్య వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి. లేస్తాడా, లేవడా?"

"ఆ... లేచే ఉంటాడ్లే," అన్నాడు మావయ్య, పేపరు కాస్త పైకెత్తి.

అత్త నా లాప్‌టాప్ ముందు కూర్చుంది. కోట వచ్చింది. పైన చంద్రుడు పళ్లెమంత ఉన్నాడు. గంట కొట్టలేదు. పిశాచాలు ఆవలిస్తున్నట్టు నడుచుకుంటూ వచ్చి పడిపోయాయి. ఆఖరి గదిలో వోర్గన్ ఆరు గుండ్లు తిని బోర్లా పడ్డాడు. అత్త తుపాకీ గురిపెట్టి ఎదురుచూసింది. వాడు లేవలేదు.

"లేవరా!" అంది. "లేవరా బాబూ!" అని బతిమాలింది కూడా. సత్యారావు నవ్వలేక గోడ పట్టుకున్నాడు. నాకూ నవ్వాగలేదు, కాని అత్త మొహం చూశాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

"నాకేటైనా పిచ్చేటే లహరీ?" అని మెల్లగా అడిగింది. "నేను చూసాను గదే. నా రెండు కళ్లతో చూసాను."

అత్త కొంగుతో కళ్లొత్తుకుని, చటుక్కున లేచింది.

"ఈడు కాదు. మా వోర్గన్ అటక మీదున్నాడు."

పాత షాపు కంప్యూటర్‌ను అత్త అమ్మనివ్వలేదు. గోనెసంచి చుట్టి దాచింది. సత్యారావు అటకెక్కి దింపాడు. ఆ తెర మోయడానికి ఇద్దరం కావాల్సి వచ్చింది. లోపలి నుంచి ఒక బల్లి, దాని సంసారం బయటికొచ్చాయి. ప్లగ్గు పెడితే కూత పెట్టి లేచింది. తెర మీద ఇంగ్లీషులో ఏదో సణిగింది. అత్త వేలు దానంతటదే ఒక మీట నొక్కింది. "ఎప్పుడూ ఇంతే, ఇది నొక్కితేగాని కదల్దు," అంది.

ఆట మొదలైంది. ఒకటి, రెండు, మూడు... గంట పన్నెండుసార్లు కొట్టింది. చంద్రుడు లేడు. చీకట్లోంచి పిశాచాలు నాలుగు కాళ్ల మీద పరిగెత్తుకుంటూ వచ్చాయి. సత్యారావు "ఓలమ్మో" అని వెనక్కి గెంతాడు. అత్త కుర్చీ ఆయనకిచ్చి, "ఆడండి మరిదీ," అంది. ఆయన గుమ్మం దగ్గరే చచ్చాడు. మళ్లీ ఆడాడు, మళ్లీ అక్కడే చచ్చాడు. పదకొండుసార్లు చచ్చి చెమట తుడుచుకుని, "ఇది సీడీ తెగులు వదినా. పాడైపోయిన కాపీ. ఇది లెక్కలోకి రాదు," అన్నాడు.

ఓడిపోయేవాడికి సాకులు పురుగుల్లా పుట్టుకొస్తాయి. కాని ఆ మాటకు జవాబు కావాలి గదా అని నేను తెరనంతా వెతికాను. కింద మూలన గడియారం కనిపించింది. జనవరి ఒకటి, రెండువేల సంవత్సరం, అర్ధరాత్రి పన్నెండు దాటి ఇరవై ఐదు నిమిషాలు. బయటేమో మధ్యాహ్నపు ఎండ, మామిడికాయలు ఎండుతున్నాయి.

"మావయ్యా, ఈ టైమేంటి?"

"అదా. లోపల బిళ్ళ బ్యాటరీ ఉంటాది. ఓడలోనే ఉప్పుగాలికి తుప్పట్టి సచ్చిపోయింది. స్విచ్చి తీసినా, కరెంటు పోయినా టైము మొదటికొచ్చీది. కొత్తది నెక్స్ట్ షిప్పులో తెప్పిద్దామనుకున్నాను. తొమ్మిదేళ్లూ అనుకున్నాను," అన్నాడు మావయ్య.

నేను నా లాప్‌టాప్ తారీఖును కూడా జనవరి ఒకటి అర్ధరాత్రికి తిప్పి, ఆట తెరిచాను. చంద్రుడు మాయమయ్యాడు. గంట పన్నెండుసార్లు కొట్టింది. మా నలుగురి అరుపులకు పక్కింటివాళ్లు కిటికీ తెరిచారు.

సంగతి ఇది. ఆట తయారుచేసినవాళ్లు ఎవరికీ చెప్పకుండా ఒక తమాషా పెట్టారు. కంప్యూటర్ గడియారం చూసుకుని, కొత్త సంవత్సరం మొదటి రాత్రి ఒక్కటే పిశాచాలకు పూర్తి బలం వస్తుంది. ఆ రాత్రి లోకమంతా కేకులు కోసుకుంటూ ఉంటుంది గాని కోటలో ఎవడు తిరుగుతాడు? అందుకని ఎవరికీ తెలియలేదు. డెలానీపూర్‌లో మాత్రం రోజూ షాపు తెరిచి స్విచ్చి వేయగానే అదే రాత్రి. మిగతా మూడువందల అరవైనాలుగు రోజులూ ఎలా ఉంటాయో మా అత్తకు తెలియదు. ఆటంటే అంతే కాబోలనుకుని తొమ్మిదేళ్లు ఆడింది.

"ఇది కొత్త కాపీయే గదా మరిదీ? ఇప్పుడు లెక్కలోకి వస్తాదా?" అంది అత్త.

"లేస్తాడని తెలిసింది. సంపగలరని తెలవనేదు," అన్నాడాయన. మొండివాడు. కాని పందెం పందెమే.

మొదటిసారి అత్త వోర్గన్ మూడో చావు దగ్గరే పోయింది. పన్నెండేళ్లయింది మరి ఆడి. రెండోసారి ఏడు దాకా వెళ్లింది. మూడోసారి చీర కొంగు నడుముకు దోపి, కళ్లజోడు సర్దుకుంది. వోర్గన్ లేచినప్పుడల్లా స్తంభం చుట్టూ వెనక్కి నడుస్తూ, వాడు కోటు విప్పే ఆ ఒక్క క్షణంలో కాల్చాలి. అదీ కిటుకు. పుస్తకంలో లేదు, ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టింది. నాలుగు, ఐదు, ఆరు. సత్యారావు పందెం సంగతి మరిచి, "వెనకాల, వదినా, వెనకాల!" అని అరుస్తున్నాడు. ఏడు. ఎనిమిది. నేను కుర్చీ మీదెక్కి నిలబడ్డాను. ఎందుకెక్కానో నన్నడగొద్దు. తొమ్మిదోసారి వాడు కోటు విప్పాడు, అత్త కాల్చింది, వాడు పిడికెడు బూడిదై నేల మీద రాలాడు.

అత్త రెండు చేతులూ పైకెత్తి ఇల్లంతా తిరిగింది. నన్ను తిప్పింది, సత్యారావును తిప్పింది. ఆయన బుద్ధిగా కూర్చుని ఆ పేజీలో రాశాడు. తన పేరు, ఊరు, తాను దద్దమ్మనన్న సంగతి, తారీఖు మార్చే విధానం, 'మా వదిన నూకరత్నం ఇరవై ఏళ్లుగా నిజమే చెబుతోంది' అన్న ముక్క. సాయంత్రం టీ వేళకు జవాబులు వరదలా వచ్చాయి. తారీఖు మార్చినవాళ్లంతా గుమ్మం దగ్గరే చస్తున్నారు. డాక్టరుకు చూపించుకోమన్న పుణ్యాత్ముడు నలభైసార్లు చచ్చి, 'అమ్మగారూ, క్షమించండి, ఎలా చంపారో చెప్పండి' అని వేడుకున్నాడు. అది అత్త నాతో మూడుసార్లు చదివించుకుంది.

"నేను అబద్ధమాడనని ఇప్పుడు తెలిసిందా?" అని మావయ్య వైపు తిరిగింది. "మీ ఒక్కరికే తెలుసు ఇన్నాళ్లూ. ఎవరు నవ్వినా మీరు నమ్మారు, అదొక్కటే నాకు ధైర్యం."

మావయ్య పేపరు మడతపెట్టాడు. మంచి మనిషి, అబద్ధం నిలబెట్టుకోవడం చేతకాదు.

"నేనూ నమ్మనేదే రత్నం."

సత్యారావు టీ గ్లాసు కింద పెట్టాడు.

"మరి చెప్పినప్పుడల్లా తలూపారు గదా! పందిట్లో, ఓడ మీద, జెట్టీలో... ఇరవై ఏళ్లు ఊపారు!"

"ఊపాను."

"నమ్మకుండా ఎందుకు విన్నారూ అన్నిసార్లు?"

మావయ్య బుర్ర గోక్కున్నాడు. "నువ్వు చెప్తుంటే బావుంటాది గదే. చేతులు తిప్పుతావు, కళ్లు పెద్దవి చేస్తావు. నిజమో కాదో ఎవడికి కావాలి? అందుకే ఎప్పుడూ మధ్యలో ఆపనేదు."

అత్త తిట్టాలో నవ్వాలో తెలియక సగం సగం రెండూ చేసింది. మొహం మాత్రం పెళ్లికూతురి మొహమైపోయింది. తర్వాత మావయ్యను రెక్క పట్టుకుని లేపి, లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, మౌసు చేతిలో పెట్టి, ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.

"కూకోండి. విన్నది చాలు, ఇంక చూడండి," అంది.

గంట పన్నెండుసార్లు కొట్టింది. మావయ్య నాలుగడుగులు వేసి చచ్చిపోయాడు.