ఆధారం యాడుండాది?

గుండూరావు సార్‌కు ఆధారం కావాలి. అన్నం ఉడికిందన్నా కావాలి, బస్సు వెళ్లిపోయిందన్నా కావాలి. చింతామణిలో కాలేజీ పాఠాలు చెప్పి ఆయన రిటైరయ్యారు గానీ ఆ జబ్బు రిటైర్ కాలేదు.

"రండి, అన్నం చల్లారిపోతాండాది," అని భార్య జలజమ్మ పిలిచేది.

"ఎవురు చెప్పినారు?"

"నేను చెప్తాండా కదా!"

"నువ్వు చెప్తే ఆధారమా?"

ఆమె కంచం తీసుకుని లోపలికి పోయేది. కాసేపటికి ఆధారం ఆకలి రూపంలో వచ్చేది.

అలాంటి మనిషి చేతిలో పడ్డాడు నాగేశ్. చదువు మధ్యలో మానేసి, టమోటా మండీలో పెట్టెలు మోస్తూ, దొరికిన పుస్తకమల్లా చదివి, డిగ్రీలున్న వాళ్లందరి మీదా పళ్లు నూరేవాడు. బెంగళూరులో భూగర్భజలాల మీద పరిశోధించే సంస్థ ఒకటి, మంచి వ్యాసం రాస్తే డిగ్రీ లేకపోయినా ఉద్యోగమిస్తామంది. దగ్గర్లోని బట్లహళ్ళి ఊర్లో బోర్లన్నీ ఎండిపోయాయి, ఇక కొత్త బోర్లు ఆపాలంటూ నాగేశ్ ఒక్క ఊపున రాసి సార్‌కు చూపించాడు.

"బట్లహళ్ళిలో బోర్లన్నీ ఎండిపోయినాయా? నువ్వు చూసినావా?"

"ఊరందరికీ తెలుసు సార్."

"ఊరు పుస్తకం రాసిందా? ఏ పేజీ?"

నాగేశ్ బట్లహళ్ళిలో పొలం పొలం తిరిగాడు. మునిరత్నమ్మ అనే రైతు తన బోరు చూపించి, "పారతాండాది కదప్పా, కండ్లు కనపడలేదా?" అంది. 'అన్నీ' కొట్టేసి 'చాలా' అని రాశాడు.

"చాలా అంటే ఎన్ని?" అన్నారు సార్. మళ్లీ బట్లహళ్ళి. తర్వాత శాస్త్రవేత్తల పరిశోధన పత్రాలు తెచ్చాడు.

"వీళ్లంతా నీ పక్షమే. ఎదురు చెప్పినోళ్లు యాడ?"

వాళ్లనీ చదివించారు. చదువుకున్నోళ్లంతా ఇంతే, గేటు దగ్గరే నిలబెడతారని నాగేశ్ లోలోపల తిట్టుకున్నాడు.

ఇంటర్వ్యూ రోజు సార్ కూడా బస్సెక్కారు.

"మీరెందుకు సార్?"

"నువ్వు దిగి పారిపోవని ఆధారమేముండాది?"

సంస్థలో ఇంటర్వ్యూ చేసే పెద్దాయన వ్యాసం తిరగేశాడు. "పెట్టెలు మోసేవాడివి, ఇది నువ్వే రాశావని ఆధారం?"

నాగేశ్‌కు ఒళ్లు మండింది. నోరు తెరిస్తే మాత్రం తిట్లకు బదులు మునిరత్నమ్మ బోరు వచ్చింది, ఎదురువాదం వచ్చింది, పేజీ నంబర్లు వచ్చాయి. వాళ్లు అడిగినవన్నీ సార్ వసారాలో ఎప్పుడో అడిగేసినవే.

"ఎవరో బాగా నేర్పి పంపారు," అన్నాడు పెద్దాయన.

తలుపు దగ్గర కూర్చున్న సార్ లేచారు. "నేర్పింది నేను. రాసింది వాడు."

"దానికి ఆధారం?"

సార్ జేబులు తడుముకున్నారు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"నేను చెప్తాండా కదా!" అని గట్టిగా అరిచారు.

గదిలో అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వి, వచ్చే నెల నుంచి రమ్మన్నాడు నాగేశ్‌ను.

తిరుగు బస్సులో నాగేశ్ ఉండబట్టలేకపోయాడు. "మీరు చెప్తే ఆధారమా సార్?"

"గమ్మునుండప్పా," అన్నారు సార్ కిటికీ వైపు తిరిగి. "డ్రైవర్‌ను బిరిన్నె పొమ్మను. జలజ ఫోన్ చేసింది, అన్నం చల్లారిపోతాండాదంట."