మూడో రీలు

నేను చెప్పేవాటిలో సగం కోతలే. ఇది మిగతా సగంలోది.

ఎనభైల మొదట్లో కాలిఫోర్నియాలో చదువుకుంటూ యూనివర్సిటీ హాల్లో సినిమాలు వేసేవాణ్ణి. ఆఫ్రికా నుంచి ఒకావిడ, తనే తీసి తనే నటించిన సినిమా తెచ్చింది. ఏ రీలు డబ్బా మూత తీసినా ముందు ఫిల్ము వాసన చూసేది.

ఆట వేసే మధ్యాహ్నం ముందు వరసలో ఇద్దరు కోటు మనుషులు నోటు పుస్తకాలు తీశారు. ప్రొజెక్టర్ గదిలోంచి చూసి ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"మా దేశపు మిలిటరీ ప్రభుత్వం మనుషులు, తమ్ముడూ. మూడో రీలు వెయ్యకు. అందులో నటించిన ఊరివాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు."

"మరి కథ?"

"నేనున్నాగా!"

స్టేజీ ఎక్కి ఆ రీల్లో ఉన్న అందర్నీ ఒక్కతే నటించింది, మేకతో సహా. హాలంతా నవ్వింది. ఆ ఇద్దరూ నవ్వలేదు.

వెళ్తూ, వెంట తీసుకెళ్తే పట్టుకుంటారని ఆ రీలు నాకు అప్పగించింది. "మనిషిని పంపుతాను. మూత తీసి వాసన చూస్తేనే నా మనిషి."

నాలుగేళ్లకు ఒకాయన, రీలు ఇమ్మని ఆవిడ రాసిందంటూ ఒక చీటీ తెచ్చాడు. పరీక్షకని వేరే డబ్బా ఇచ్చాను. మూతైనా తీయకుండా చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. అందులో ఉన్నది పిల్లలకు పళ్లు తోముకోవడం నేర్పే పాఠం. చాలాసేపు నవ్వుకున్నాను.

తర్వాత చీటీని మూడో రీలు డబ్బా మీద ఆవిడ రాసినదానితో పోల్చి చూశాను. రాత నిజంగా ఆవిడదే. చివరి అక్షరాలు మాత్రం వణికి ఉన్నాయి, ఎవరో మీద నిలబడి రాయించినట్టు.