మేనత్త కుడిచెయ్యి

మొన్న మా ఆఫీసులో కాఫీ మెషిను పక్కన ఒళ్ళు పట్టే కుర్చీ ఒకటి తెచ్చి పెట్టారు. హైటెక్ సిటీలో ఇలాంటి ముచ్చట్లకు కొదవేముంది! కుర్రాళ్ళు వంతులేసుకుని కూర్చుంటుంటే సరదాకి నేనూ కూర్చున్నాను. రబ్బరు పిడికిళ్ళు వీపులో పొడుస్తున్నంతసేపూ బాగానే ఉంది గానీ, పక్కల నుంచి సంచులేవో ఉబ్బి వచ్చి నా రెండు చేతుల్నీ బిగించేసరికి ఒక్క కేక పెట్టి లేచిపోయాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. మా మేనత్త కథ వాళ్ళకేం తెలుసు?

మేనత్తది కాకినాడ దగ్గర పల్లె. మావయ్య పోయాక మణికొండ వచ్చి, అపార్ట్‌మెంట్లలో బాలింతలకీ పసిపిల్లలకీ నూనె పట్టి స్నానాలు చేయించేది. పసిపిల్లల దగ్గర దూదిలా ఉండే ఆ చేతులు మిగతావాళ్ళ మీద మాత్రం దయ చూపించేవి కావు. ఒకసారి మెడ పట్టేసిందని వెళితే చాప మీద బోర్లా పడేసి, వీపు మీద మోకాలు ఆనించి, గోరువెచ్చటి నువ్వులనూనెతో నన్ను పచ్చడి చేసింది. నేను అరుస్తుంటే, "అరువు, అరువు. లోపలున్న వాతం బయటికొస్తోంది" అని మెచ్చుకునేది. లేచాక మెడ తిరిగింది. కళ్ళు కూడా తిరిగాయనుకోండి.

ఆమెకి ఒక అపార్ట్‌మెంటు లిఫ్టులో మిజోరం అమ్మాయి పరిచయమైంది. థాయ్ పద్ధతిలో ఒళ్ళు పట్టడం నేర్చుకుని బతుకుతెరువుకి ఇక్కడికొచ్చిన పిల్ల. ఇద్దరూ కలిసి ఒక ఇంటి పై అంతస్తులో రెండు గదులు కిరాయికి తీసుకుని షాపు పెట్టారు. కింద ఉండే ఓనరమ్మ అక్కడే పుట్టిపెరిగిన తెలంగాణ మనిషి. ఆ పిల్ల తెలుగు నేర్చుకున్నది ఆవిడ దగ్గరే, కాబట్టి మా గోదావరి మేనత్తకీ మిజోరం పిల్లకీ జరిగే తగాదాలు వినడానికి భలే ఉండేవి. "నూనె లేకుండా ఒళ్ళు పట్టడమేంటే, ఎండిపోయిన పిండి పిసికినట్టు?" అని ఈవిడ. "నూనె తోలుకే అత్తా. నేను లోపలి నరాల తొవ్వ పట్టుకుని పోత" అని ఆ పిల్ల, మోచేతి మొన చూపిస్తూ. కాపడం దగ్గర మాత్రం ఇద్దరికీ రాజీ కుదిరింది. పసుపు, అల్లం, నిమ్మగడ్డి, కర్పూరం బట్టలో మూట కట్టి ఇడ్లీపాత్రలో ఆవిరి పట్టేవారు. మెట్లెక్కుతుంటేనే ఆ వాసన ఎదురొచ్చేది.

అలాంటి చోటికి ఒళ్ళునొప్పులు లేని మగవాళ్ళు కూడా వస్తారు. ఒకతను రెండుసార్లు వచ్చి మర్యాదగా వెళ్ళాడు. మూడోసారి వచ్చిన సాయంత్రం, మేనత్త వంటగదిలో ఉండగా, ఆ పిల్ల నోరు మూసి గోడకి అదిమి పట్టాడు. ఏదో పడ్డ చప్పుడు విని మేనత్త చేతిలో మూటతో అలాగే పరిగెత్తింది. అతను తిరిగి చూసేలోగా, పొగలు కక్కుతున్న ఆ మూటని బలంగా అతని చెంప మీద కొట్టింది. మూట పగిలి ఉడికిన అల్లం మొహానికి అంటుకుపోయింది. వాడు అరుస్తూ చేతులు వదిలాడు. వదిలిన క్షణంలో ఆ పిల్ల మోచెయ్యి వాడి డొక్కలో దిగింది. మెట్ల మీంచి దొర్లుకుంటూ పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను సెలవు పెట్టి వెళ్ళి, పోలీసులకి చెబుదామని మేనత్తని బతిమాలుతున్నాను. "కాల్చాను కదరా, చాల్లే" అంటోంది. అంతలో మెట్ల మీద బూట్ల చప్పుడు. చెంపకి కట్టు కట్టుకుని వాడు, వెనక ఇంకో ఇద్దరు. చేతుల్లో ఇనపరాడ్లు. ముందు అద్దం పగిలింది, తర్వాత నూనెసీసాల అలమర. ఒకడు ఆ పిల్ల జుట్టు చుట్టచుట్టి నేలకి లాగాడు. కట్టువాడు ఆమె తల మీదికి రాడ్డు ఎత్తాడు. మేనత్త కుడిచెయ్యి అడ్డం పెట్టింది. ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడయింది, అంతే. ఆవిడ అరవలేదు. వేలాడుతున్న చేతిని ఆశ్చర్యంగా చూసుకుంది.

నేను వాళ్ళ మీద పడ్డాను. చెవి మీద ఒకడి పిడికిలి పడింది, లోకమంతా ఈల వేసింది. లేవబోతే నూనెలో జారాను, వాడూ జారి నా మీద పడ్డాడు. ఇద్దరం వాటేసుకున్నట్టు నేల మీద దొర్లాం. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం వాడి మోకాళ్ళు నా రెండు చేతుల్నీ నేలకి అదిమేశాయి, వేళ్ళు నా గొంతు మీద బిగుసుకుంటున్నాయి. మెడ తిప్పి వాడి మణికట్టు కొరికాను. నెత్తురూ నువ్వులనూనే కలిసిన రుచి నోట్లోకొచ్చినా పళ్ళు విడవలేదు.

"ఏందిరా! నా ఇంట్లకొచ్చి ఆడోళ్ల మీద చెయ్యి లేపుతార్రా!" అని ఓనరమ్మ కేక. చేతిలో రోకలి. ఆ రోకలి కట్టువాడి మోకాలి మీద రెండుసార్లు పడింది. వీధి జనం పోగయ్యేసరికి మిగతా ఇద్దరూ పారిపోయారు. వాడు కదల్లేక, పోలీసులొచ్చేదాకా గుమ్మంలో ఏడుస్తూ కూర్చున్నాడు.

స్టేషన్లో ఒకాయన మేనత్తని ఎగాదిగా చూసి, "ఏం షాపమ్మా మీది?" అన్నాడు. "ఒళ్ళునొప్పులు తగ్గించే షాపండి. ఇవాళ మాకే వచ్చాయి" అంది. తర్వాత వాడి బంధువులు రాజీకి వచ్చారు. "నా చెయ్యి మునుపటిలా అతికించి తెచ్చాక రండి, మాట్లాడదాం" అని తలుపేసింది. పారిపోయినవాళ్ళూ దొరికారు. వాయిదాలు పడీ పడీ, చివరికి ముగ్గురికీ శిక్ష పడింది.

ఈలోగా దవాఖానలో కట్టు విప్పాక మేనత్త వేళ్ళు ముడుచుకోలేదు. ఎవరు ముట్టుకోబోయినా చెయ్యి దానంతటదే వెనక్కి పోయేది. డాక్టరు చెప్పిన వ్యాయామాలకీ లొంగలేదు. ఒకరోజు ఆ పిల్ల వచ్చి మేనత్త పాదాలు ఒళ్ళో పెట్టుకుంది.

"చెయ్యి విరిగితే కాళ్ళు పడతావేంటే?"

"చెయ్యి భయపడ్డది అత్తా. అది ముట్టనియ్యదు. ముట్టనిచ్చే కాడికెల్లి మొదలువెట్టి పోవాలె."

పాదాలు, పిక్కలు, మరునాటికి నడుము, తర్వాత భుజం. చాలా రోజులకి మోచెయ్యి దాకా వచ్చింది. ఆ సాయంత్రం నేనక్కడే ఉన్నాను. ఆ పిల్ల బొటనవేలు మణికట్టు మీద ఆగి, మెల్లగా నొక్కింది. చెయ్యి వెనక్కి పోలేదు. దెబ్బ తిన్న రోజు ఏడవని మేనత్త అప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది.

అందరి ఒళ్ళూ పట్టే ఆ పిల్లని మాత్రం దాడి జరిగిన రోజు నుంచీ ఎవరూ ముట్టుకోలేకపోయారని మేనత్తే కనిపెట్టింది. వెనక ఎవరైనా నడిస్తే ఉలిక్కిపడేది. జుట్టు తనే కత్తెరతో పొట్టిగా కత్తిరించేసుకుంది. మేనత్త ఎడమచేత్తో నూనెగిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చుంది. "వెనక్కి రాను. నీకు కనపడేలాగే ఉంటాను. ఎక్కడ ముట్టనిస్తావో నువ్వే చెప్పు" అంది. ఆ పిల్ల అరచెయ్యి చాపింది. తల దాకా రావడానికి వానాకాలం వెళ్ళిపోయింది.

మేనత్త పిడికిలి పూర్తిగా మూసుకోలేదు. ఇప్పుడావిడ కూడా మోచేత్తోనే ఒళ్ళు పడుతుంది, నూనె మాత్రం మానలేదు. నా చెవిలో ఈల అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. ఏళ్ళు గడిచాయి అంటాం గానీ, ఆ ఇంట్లో అవి ఊరికే గడవలేదు. బిగుసుకున్న ఒంటి మీద చెయ్యి జరిగినట్టు, ముట్టనిచ్చినంత మేరే, ఆగి ఆగి కదిలాయి.