అప్పాయమ్మ కీబోర్డుకు కుదిరిన అడాప్టర్

అప్పాయమ్మకు డెబ్భై ఆరేళ్ళు. చూపు తొంభై ఏళ్ళది, నోరు మాత్రం పాతికేళ్ళది. కలకత్తాలో గార్డెన్ రీచ్ వైపు మున్సిపల్ క్వార్టర్లలో కాపురముండే తెలుగువాళ్ళలో చీపురు పట్టకుండా ఆఫీసు కుర్చీ ఎక్కిన మొదటి ఆడమనిషి ఆమే. ఆ సంగతి మరిచిపోయే వీలు ఆమె ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు. భర్త సోములు వీధులూడ్చేవాడు. ఆమె టైపు కొట్టేది. పోయిన వానాకాలంలో సోములు పోయాడు.

ఆ క్వార్టర్లలో ఒక ఆచారం ఉంది. ఈస్టరు నాడు తెల్లవారగానే అందరూ సమాధుల తోటలో చేరతారు. పాస్టరుగారు చనిపోయినవాళ్ళ పేర్లన్నీ చదువుతారు. ఆ ఏడాది పోయిన మనిషి పేరు ఆ ఇంటివాళ్ళే తమ చేత్తో జాబితాలో ఎక్కించాలి. చదువు రానివాళ్ళ వేళ్ళ మధ్య కలం పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని రాయించే పని నలభై ఏళ్ళుగా అప్పాయమ్మది. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. తెలుగులో రాస్తే చదివే పిల్లలు ఇప్పుడు లేరు.

ఈ ఏడాది ఎక్కించాల్సింది సోములు పేరు.

ఈస్టరుకు వారం ముందు, మట్టలాదివారం సాయంత్రం అప్పాయమ్మ కలం పట్టుకుంది. నీటికాసుల జబ్బు చూపు నడుమ చిన్న వెలుతురు మాత్రం మిగిల్చింది. అయినా రాసింది. మనవరాలు పాప కాగితం చూసి నవ్వు ఆపుకుంది.

“తాతని తీసుకెల్లి పై వరసలో ఉన్న యేసుదాసు తాత నెత్తిమీద కూకోబెట్టినావు మామ్మా. ఇద్దరి పేర్లూ ఒకదాని మీదొకటి పడ్డాయి.”

“ఒకే గేంగులో ఊడ్సినోల్లు, సర్దుకుంటార్లే,” అంది అప్పాయమ్మ. కాసేపటికి కాగితం చింపేసింది.

“నీ సెయ్యి నాను పట్టుకుంటాను. నాను రాయిస్తాను.”

“అచ్చరం రానోల్ల సెయ్యి పట్టుకుంటారే. నాకు రాకపోడానికేటి?”

పాప బి.ఏ. రెండో ఏడాదిలో మానేసి న్యూ టౌన్‌లో ఫోన్లెత్తే ఉద్యోగంలో చేరింది. ఆమె దగ్గరో పాత లాప్‌టాప్ ఉంది. మామ్మకు చూడకుండా టైపు కొట్టడం వచ్చు కదా అని అది తెచ్చి ముందు పెట్టింది. ఆ చదునైన మీటల మీద అప్పాయమ్మ వేళ్ళకు దారి దొరకలేదు.

“ఇదేటే, అప్పడం మీద కొట్టినట్టుంది. నా పెట్టిలోది తీ.”

పెట్టిలోది ఆఫీసుకొచ్చిన మొట్టమొదటి కంప్యూటర్ కీబోర్డు. కంప్యూటర్ ఏనాడో పాతసామాన్లలోకి పోయింది. రిటైరైన రోజున శాలువాకి బదులు అప్పాయమ్మ దీన్ని అడిగి తెచ్చుకుంది. ఇటుకంత బరువు. తీగ చివర బొటనవేలంత గుండ్రటి ప్లగ్గు, దానికి ఐదు సూదులు. అలాంటి ప్లగ్గు పట్టే బెజ్జం లాప్‌టాప్‌కి లేదు. పాప ఫోన్లో వెతికి, ఉన్నవాటిలో చవకైన అడాప్టర్ జత తెప్పించింది. ప్లగ్గు చక్కగా దూరింది. తెర మీద ఒక్క అక్షరం పడలేదు.

బుధవారం ఇద్దరూ బస్సెక్కి, కంప్యూటర్ సామాన్లమ్మే చాందినీ మార్కెట్‌కి వెళ్ళారు. మెట్ల కింది కొట్లో తలనెరిసిన బెంగాలీ ఆయన్ని అందరూ దాదా, అన్నగారూ, అని పిలుస్తున్నారు. ఆయన పాప తెచ్చిన అడాప్టర్లను చూసి, అప్పాయమ్మను పిన్నీ అన్నట్టు మాషిమా అంటూ బెంగాలీలో చెప్పాడు.

“మాషిమా, ఇవి మూతి ఆకారం మారుస్తాయంతే. కీబోర్డు మాట్లాడేది కంప్యూటర్‌కి అర్థం కావాలి కదా. మధ్యలో దుబాసి కావాలి. ఇదిగో, దీని పొట్టలో చిప్ ఉంది.”

దాన్ని తగిలించాడు. మళ్ళీ ఏమీ పడలేదు. ఆయన కీబోర్డు బోర్లించి ఆగిపోయాడు. అడుగున ఎర్రరంగుతో అరచేతంత గుర్తు వేసి ఉంది. సున్నా, దానికి అడ్డంగా గీత.

“ఇదేమిటి?”

పాప చెప్పింది. ఊడ్చేవాళ్ళ చీపుళ్ళూ బక్కెట్లూ గోడౌన్‌లో ఒకేలా ఉంటాయి. మారిపోకుండా ఎవరి గుర్తు వాళ్ళు రంగుతో వేసుకుంటారు. కీబోర్డు ఇంటికొచ్చిన రోజునే సోములు మిగిలిన రంగు తెచ్చి తన గుర్తు దీనికీ వేసేశాడు. ఆఫీసు వస్తువుని చెత్తబండిని చేశాడని అప్పాయమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

దాదా రంగు మీద వేలితో తడిమాడు. “దీని కింద చిన్న మీట ఉంది. ఒకవైపుంటే మొదటి తరం కంప్యూటర్ల భాష, రెండోవైపు తోస్తే తర్వాతి తరానిది. మొదటి వైపే ఉండగా రంగు పోసేశారు, బిగుసుకుపోయింది. నా దుబాసికి రెండో భాషే వచ్చు. రెండూ తెలిసిన అడాప్టర్ ఉంది, బెంగుళూరు నుంచి రావాలి. పది రోజులు. అది కావాలా, ఈ రంగు గీకి ఇది పెట్టమంటారా?”

ఈస్టరు నాలుగు రోజుల్లో ఉంది.

“గీకొద్దు మామ్మా,” అంది పాప. ఈసారి నవ్వులాటకు కాదు. “బక్కెట్టూ సీపురూ గోడౌన్‌కి అప్పజెప్పీసినాం. తాత సేత్తో ఏసింది ఇదొక్కటే. పేరు మీదటేడు ఎక్కిద్దాం.”

అప్పాయమ్మ గుర్తు మీద అరచెయ్యి ఆన్చింది.

“మీదటేడు దాకా మీ తాత ఏ జాబితాలో ఉంటాడే? ఇంట్లోనా లేడు, తోటలో సదివే పేర్లలోనా లేడు.” గాజుకి తగిలించిన పిన్నీసు తీసింది. “పరాయోల్లు పట్టుకుపోకుండా ఏసినాడు ఇది. నన్ను ఆపడానికి కాదు. మీట ఎక్కడుందో నా ఏలు అక్కడ పెట్టు.”

తనే గీకింది. దాదా సాయం చేయబోతే వద్దంది. ఎండిన రంగు పెచ్చులుగా రాలింది. వాటిని పాప ఏరి తన ఫోన్ తొడుగులో దాచుకుంది. మీట కదలనని మొరాయించి, చివరికి టక్కుమని అటు జరిగింది. దాదా అదే అడాప్టర్ మళ్ళీ తగిలించాడు.

“ఏదైనా కొట్టి చూడండి మాషిమా.”

ఆమె అంకెలు కొట్టింది, ఒకటి నుంచి తొమ్మిది వరకూ. అన్నీ వరసగా తెర మీద పడ్డాయి. భర్త పేరు మాత్రం బజార్లో కొట్టనంది.

మర్నాడు సాయంత్రం స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, బల్ల ముందు కూర్చుంది. పాత జాబితాలోని పేర్లన్నీ పాప చదువుతుంటే ఒక్కొక్కటే కొట్టింది. ఆ టకటకలకి పక్కింటి జయలక్ష్మి వచ్చి గుమ్మంలో నిలబడింది. నూటపధ్నాలుగు పేర్లు. ఎక్కడా తడబడలేదు. ఆ తర్వాత ‘గొర్లె’ అని ఇంటిపేరు కొట్టి ఆగింది.

మీట కనబడలేదేమోనని పాప వేలు చాపింది.

“సెయ్యి తియ్యే. అచ్చరం తెలక్క కాదు.”

జయలక్ష్మి లోపలికి వచ్చి కింద కూర్చుంది.

“ఇన్నాల్లూ కల్లు కనబడ్డంలేదన్నాను, ప్లగ్గు పట్టడంలేదన్నాను,” అంది అప్పాయమ్మ మెల్లగా. “ఇప్పుడు అడ్డేటీ లేదు. ఆయన్ని పోయినోల్లలో కలపడానికి ఏలు ఆడ్డంలేదు.”

పాప ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి ఆగి, బల్ల అంచు పట్టుకుంది.

చాలాసేపటికి ఆరు మీటలు మోగాయి. ఒక్కో మోతకీ మధ్య ఊపిరి పీల్చుకునేంత ఎడం.

“సదువు,” అంది అప్పాయమ్మ.

“గొర్లె సోములు.”

“ఇంకోపాలి సదువు.”

పాప మళ్ళీ చదివింది.