చెవి మేస్త్రి చేసిన రికార్డింగు

మా నాన్నను బస్సు డిపోలో అందరూ చెవి మేస్త్రి అనేవారు. ఇంజన్ విప్పకుండానే రోగం చెప్పేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. "మూడో సిలిండర్లో బేరింగ్ పోయింది" అనేవాడు. విప్పి చూస్తే మూడో దాంట్లోనే పోయి ఉండేది. పైవాళ్ళు పరీక్షలు చేసే మిషన్లేవో తెప్పించారు గానీ, బండి మొరాయిస్తే మాత్రం "మేస్త్రిని పిలవండి" అనేవారు. దాంతో ఆయనకు తన చెవుల మీద అంతులేని నమ్మకం. ఆ నమ్మకమే మా కొంప ముంచింది. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను. ఇన్నేళ్ళయినా ఆ కోపం పోలేదు, ఆయన మీద ప్రేమా పోలేదు.

పాటంటే చెవి కోసుకునేవాడు. నేను పదో తరగతిలో ఉండగా ఎక్కణ్ణుంచో ఒక పాత కీబోర్డు మోసుకొచ్చాడు. ఎడమచేత్తో ఒకచోట నొక్కి పట్టుకుంటే చాలు, డ్రమ్ములూ గిటార్లూ వయొలిన్లూ అన్నీ అదే వాయించుకునే రకం. కుడిచేత్తో పాట మాత్రం మనం వాయించాలి. దాంతోపాటు రావాల్సిన పుస్తకం రాలేదు. "పుస్తకం చూసి వాయించేవాడు కూడా ఒక వాయిద్యగాడేనా?" అని తేల్చేశాడు. సంగీతంలో ఆయనకు ఓనమాలు తెలియవు. తెల్ల మెట్ల మీదే అన్ని పాటలూ లాగించేవాడు. మరి నల్లవి ఎందుకున్నాయని నేనడిగితే "అందానికి" అనేవాడు. పాడేవాళ్ళ గొంతులో హెచ్చుతగ్గులుంటే ఒక బొత్తాం నొక్కి శ్రుతి మొత్తాన్నీ పైకో కిందికో జరిపేసేవాడు. వేళ్ళు ఎప్పటిలా తెల్ల మెట్ల మీదే ఉండేవి.

అమ్మ ఆ కీబోర్డును తుడవడానికి తప్ప ముట్టుకునేది కాదు. కానీ తీర్పు చెప్పేది ఆమే. కొత్త పాట పట్టుకోవడానికి నాన్న ముందుగదిలో కూర్చుని అదే ముక్కను ఇరవైసార్లు తిప్పితిప్పి వాయించేవాడు. ఇరవయ్యొకటోసారి వంటింట్లోంచి, గిన్నెల చప్పుడు మధ్యలోంచి, "అక్కడ దిగకూడదండీ, ఎక్కాలి" అని వినిపించేది. అని ఊరుకోకుండా ఆ ముక్క పాడి చూపించేది. నాన్న వేళ్ళు సరిగ్గా అక్కడికి వెళ్ళేవి. "నాకే మేస్త్రి దొరికింది" అని గొణుక్కునేవాడు గానీ, మొహం వెలిగిపోయేది. అంతా కుదిరాక ఎర్ర బొత్తాం నొక్కి, పాట మొత్తం మళ్ళీ వాయించి అందులో దాచేవాడు. అది ఐదు పాటలు మాత్రమే దాచుకోగలదు. ఆరోది కావాలంటే ఒకటి చెరపాలి. ఏది చెరపాలన్న దాని మీద వాళ్ళిద్దరూ రెండేసి రోజులు మాట్లాడుకోకుండా ఉన్న సందర్భాలున్నాయి.

కీబోర్డు వెనకాల మైకు పెట్టుకునే కన్నం ఒకటుంది. నాన్న మైకు కొనుక్కొచ్చి ఎంత బతిమాలినా అమ్మ పాడలేదు. "నా గొంతు నాకే అంత పెద్దగా వినిపిస్తే సిగ్గు నాకు" అనేది. వంటింట్లో పాడటానికి లేని సిగ్గు ముందుగదిలో ఎందుకొచ్చేదో నాకు అర్థమయ్యేది కాదు. ఆ మైకు డబ్బాలోనే ఉండిపోయింది.

అమ్మ గొంతులో తేడాను ముందు పసిగట్టింది నాన్నే. "ఏమే, నీ పాట రెండు మెట్లు దిగిందే" అన్నాడొక రోజు. "జలుబు చేసింది" అంది అమ్మ. నెల తిరిగేసరికి మూడు మెట్లయింది. ఆ తర్వాత నాలుగు. ఆయన ఆ బొత్తాం నొక్కి శ్రుతి దించుకుంటూ పోయాడు, ఆమె పాడుతూ పోయింది. ఇంజన్‌లో చప్పుడు కాస్త తేడాగా ఉంటే బండిని గేటు దాటనివ్వని మనిషి, ఇంట్లో మాత్రం తేడాకు తగ్గట్టు సర్దుకున్నాడు. ఈ మాట నేను ఆయన మొహాన ఎప్పుడూ అనలేదు. మనసులో మాత్రం కొన్ని వందల సార్లు అనుకున్నాను.

గొంతులో గడ్డ అన్నారు. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. మెడ దగ్గర కన్నం పెడతామనీ, ఇక ఊపిరి అక్కణ్ణుంచేననీ, ప్రాణం మాత్రం దక్కుతుందనీ డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ వింది. నాన్న అంతా విని, "మరి పాట?" అన్నాడు.

"మాటే ఉండదంటున్నాను కదండీ" అన్నాడు డాక్టరు.

ఆస్పత్రిలో చేరడానికి నాలుగు రోజుల గడువుంది. మూడు రోజులు ఇంట్లో ఎవరమూ దాని గురించి మాట్లాడలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం అమ్మే అంది, "ఆ మైకు ఎక్కడ పెట్టారు?" అని. నాన్న బల్ల ఎక్కి అటకమీంచి డబ్బా దించాడు. అమ్మ పాడతానన్నది నన్ను చిన్నప్పుడు నిద్రపుచ్చిన పాట. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నదట. ఆమె నోట తప్ప నేను ఇంకెక్కడా వినలేదు.

అప్పటివి బొత్తాల ఫోన్లు. నా దాంట్లో మాటలు రికార్డు చేసుకునే వీలుంది. "నాన్నా, దీంట్లో కూడా పెడదాం" అన్నాను.

"ఆ డొక్కు ఫోన్లోనా? మీ అమ్మ బావిలోంచి పాడినట్టుంటుంది. లోపల పెట్టు" అన్నాడు. "అదేమైనా కుయ్యిమంటే పాటంతా పాడవుతుంది."

ఫ్యాను ఆపించాడు. కిటికీలు వేయించాడు. పక్కింటివాళ్ళు నీళ్ళ మోటారు వేస్తారేమోనని నన్ను వాళ్ళ గుమ్మం దగ్గరికి కాపలా పంపించాడు. పోయే ముందు ఆయన అమ్మతో అంటున్నది విన్నాను. "నువ్వు పాడుతున్నంతసేపూ నా కుడిచెయ్యి లేస్తే ఒట్టు. నీ గొంతు మీద నా వేలు పడకూడదు. మధ్యలో నువ్వు ఊపిరి తీసుకునేటప్పుడు మాత్రం నాలుగు ముక్కలు వాయిస్తా."

పక్కింటి గుమ్మం దగ్గర నిలబడి, మూసిన కిటికీల అవతలినుంచి నేను విన్నదే అమ్మ ఆఖరి పాట. స్పీకర్లోంచి బొంగురుగా, పెద్దగా వచ్చింది. ఒకచోట దగ్గొచ్చి ఆగిపోయింది. కీబోర్డులో తాళం ఆగదు గనక, నాన్న ఆ ఎడమచేతి పట్టు వదలకుండా అక్కడే తిప్పుతూ ఉండిపోయాడు. ఆమె మళ్ళీ అందుకుంది. నా చేతిలో ఫోను ఉంది. ఒక్క బొత్తాం నొక్కితే సరిపోయేది. నాన్న మాట మీద అలిగి నొక్కలేదు. నా కోపంలో సగం వాటా నాకే చెందాలి.

నేను లోపలికి వచ్చేసరికి అమ్మ మంచినీళ్ళు తాగుతోంది. వెంటనే మళ్ళీ పాడమంటే పాడే ఓపిక ఆ గొంతులో లేదు. నాన్న అప్పుడే వేసి వినబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇప్పుడొద్దు. అంతా అయి ఇంటికొచ్చాక, నా పక్కన కూర్చుని వినిపించండి" అంది. ఆయన ఆ మాట మన్నించాడు. ఆయన మొండితనం నాకు తెలుసు, ఆ ఒక్కరోజు ఆ మొండితనం చూపించి ఉంటే బాగుండేది.

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. బాగా జరిగిందన్నారు. సాయంత్రం బట్టలు తెస్తానని నాన్న ఇంటికి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు ఖాళీ సంచి తెచ్చాడు. "బట్టలేవి?" అంటే సంచిలోకి చూసి, "అరె" అన్నాడంతే. అలసటేమో అనుకున్నాను.

అమ్మ ఇంటికి రావడానికి నెల పట్టింది. దారంతో పెన్ను కట్టిన చిన్న నోటుపుస్తకం ఆమె మెడలో వేలాడేది. ఇంటికొచ్చిన రెండో రోజే అందులో "పాట" అని రాసి చూపించింది. "కీబోర్డు రిపేరుకిచ్చానే" అన్నాడు నాన్న. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఏ వస్తువునూ ఇంకొకడి చేతికి రిపేరుకిచ్చి ఎరగడు. ఆయన డ్యూటీకి వెళ్ళాక వెతికితే, మంచం కింద పాత దుప్పట్లో చుట్టి ఉంది.

నేను డిపోకే వెళ్ళాను. ఒక బస్సు కింద పడుకుని పని చేస్తున్నాడు. బయటికి రమ్మని నేలమీద కాలితో కొట్టాను. నా మొహం చూడగానే ఆయనకు అర్థమైపోయింది. లేచి, చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు.

"ఆపరేషనైన సాయంత్రం బట్టలకని ఇంటికొచ్చినప్పుడు వేసి విన్నాను. దానికి మన వేళ్ళే గుర్తుంటాయమ్మా. ఏ మెట్టు నొక్కామో రాసుకుని మళ్ళీ నొక్కుతుంది, అంతే. మైకులో గొంతు స్పీకర్లోంచి వస్తుంది గానీ లోపలికి పోదు. నాకేం తెలుసు? ఎప్పుడూ నేను వాయించినవే దాచాను, అన్నీ బ్రహ్మాండంగా వచ్చాయి. స్పీకర్లోంచి వస్తోంది కదా, అదీ పడుతుందనుకున్నాను."

"పుస్తకం చదివితే తెలిసేది" అన్నాను. "నా డొక్కు ఫోనైనా పట్టేది."

"పట్టేది" అన్నాడు.

ఆయన ఒక్క మాట ఎదురు చెప్పి ఉంటే నా కోపం తీరేది. చెప్పలేదు. తల వంచుకుని ఆ గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. పక్క బండి దగ్గర పనిచేస్తున్నవాళ్ళు మావైపు చూస్తున్నారని తెలిసి నేను వచ్చేశాను. దారంతా ఏడ్చాను.

ఇంకో రెండు వారాలు రిపేరు కథ నడిచింది. ఒక ఆదివారం పొద్దున అమ్మ గది ఊడుస్తూ చీపురు మంచం కిందికి పోనిచ్చింది. నాన్న పేపరు చదువుతున్నాడు. అమ్మ చీపురు పక్కన పెట్టింది. దుప్పటి మూట బయటికి లాగి, విప్పి, కీబోర్డును దులిపి, బల్లమీద పెట్టి, ప్లగ్గు పెట్టి, ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నాన్న నావైపు చూశాడు. నేను చూపు తప్పించుకున్నాను.

"నీ గొంతు పడలేదే" అన్నాడు. "నేను చేసిన తప్పే. అన్నీ ఉన్నాయి, నీ గొంతే లేదు."

అమ్మ కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. వెయ్యమని చేత్తో సైగ చేసింది.

వేశాడు. ముందు డ్రమ్ములు, తర్వాత ఆయన కుడిచేతి ముక్కలు నాలుగు. ఆ తర్వాత పాట మొదలవ్వాల్సిన చోట ఏమీ లేదు. కింద తాళం నడుస్తోంది, ఎడమచేతి పట్టు మారుతోంది, అంతే. అమ్మ పెదాలు కదిలాయి. ఒక్క మాట వదలకుండా పాడింది. మెడ దగ్గర కన్నంలోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. తనకు దగ్గొచ్చిన చోట పాట ముందుకు పోకుండా అదే పట్టు మీద తిరిగింది, ఒక చుట్టు, రెండు చుట్లు. అమ్మ పెదాలు ఆపి నాన్నకేసి చూసింది. ఆ రెండు చుట్లూ ఆయన తన కోసం ఆగిన ఆగుడని ఆమెకు అర్థమైంది. ఆయన చేతిమీద చెయ్యి వేసింది. చివరిదాకా విన్నాం.

అయిపోయాక మెడలోంచి నోటుపుస్తకం తీసి, "బాగా పాడానా?" అని రాసి ఆయన ఒళ్ళో పెట్టింది.

అమ్మ పాట గురించి నాన్న ఏనాడూ అబద్ధం చెప్పలేదు. ఆ రోజు చెబితే బాగుండుననుకున్నాను. ఆయన ఆ అక్షరాలను వేలితో తడిమాడు.

"గుర్తు రావట్లేదే" అన్నాడు. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చాడు. "రోజూ బండి కింద పడుకుని కళ్ళు మూసుకుని ప్రయత్నిస్తున్నాను. పాట వస్తోంది, ఒక్క మెట్టు తప్పట్లేదు. గొంతు మాత్రం నీది రావట్లేదు. ఇంకెవరిదో వస్తోంది."

అమ్మ ఆయన ఒళ్ళోంచి పుస్తకం తీసుకుంది. తను రాసిన ప్రశ్న కిందే ఒక్క మాట రాసి, మళ్ళీ ఆయన ఒళ్ళో పెట్టింది. నేను వంగి చదివాను.

"నాక్కూడా."