సుగుణకు తప్పుగా చదివిన పంక్తి

ముప్పై ఏళ్ళు దాటింది, నేనీ బరువు మోయబట్టి. చూడటానికి అదేమంత పెద్దది కాదు. పాత పుస్తకంలో ఒక పంక్తి. దాన్ని ఉన్నది ఉన్నట్టు చదవలేదు, అంతే. చూశారా? ఒప్పుకుందామని కూర్చుని కూడా తగ్గించే చెబుతున్నాను. పిల్లల తప్పులకు ఎర్రసిరాతో సున్నాలు చుట్టిన దాన్ని, నా తప్పు దగ్గరికి వచ్చేసరికి 'అంతే' అంటున్నాను.

నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. తెలిసినవాళ్ళతో చెప్పలేకే కదా ఇన్నేళ్ళు గడిచింది. మీరు మధ్యలో ఓదార్చకుండా వింటే చాలు.

మాది జమ్మలమడుగు. క్రైస్తవులం. ఊళ్ళో మా ఇంటిని 'ఉపదేశోళ్ళ ఇల్లు' అంటారు. దొరల కాలంలో పల్లెపల్లెకూ తిరిగి వాక్యం చెప్పిన ఉపదేశి ఒకాయన ఉండేవాడట. ఆయనకు పెద్దముడియం దగ్గర పొలం ఉండేదట. ఇద్దరు కొడుకులట. చిన్నకొడుకు సంతతి మేమట. ఈ 'అట'లు నావి. మా నాయన చెప్పేటప్పుడు ఒక్క 'అట' కూడా ఉండేది కాదు. ఆయన సంఘపెద్ద, గుడిలో ముందు బెంచీ ఆయనది. మాలో కులం లేదని ఆదివారం అందరం చెప్పుకుంటాం. పెళ్ళి మాటల దగ్గర మాత్రం అది చెప్పులు కూడా విప్పకుండా అందరికంటే ముందు వచ్చి కూర్చుంటుంది. అలాంటి చోట 'ఉపదేశి వంశం' అన్న మాట మాకు బాగా పనికొచ్చేది.

పెద్దకొడుకు సంతతి సుగుణ వాళ్ళు. వాళ్ళనూ ఉపదేశోళ్ళనే అంటారు. పిలుపు ఒకటే గానీ రెండిళ్ళ మధ్య రాకపోకలు అంతంత మాత్రం. ఎందుకో ఎవరూ అడగలేదు. సుగుణ అప్పుడు ఆసుపత్రిలో నర్సు ట్రైనింగులో ఉంది. నా తమ్ముడు ప్రభు చేతికి దెబ్బ తగిలి కట్టు కట్టించుకోవడానికి వెళ్ళాడు. దెబ్బ మానిపోయింది, వాడు వెళ్ళడం మానలేదు. ఇద్దరూ పెళ్ళి చేసుకుంటామన్నారు. పెద్దలు చెవులు మూసుకున్నారు. ఒకే ఇంటివాళ్ళు, అన్నాచెల్లెళ్ళ వరస, ఆ మాట ఎత్తడమే పాపం అన్నారు.

సుగుణ ఏడ్చే రకం కాదు. ఆలోచించే రకం. ఒకే ఇల్లయితే గుడి రిజిస్టరులో ఉండాలి కదా, చూద్దాం అంది. గుడి పాస్టరు అయ్యగారి దగ్గర తనే తాళంచెవి అడిగి తీసుకుని నా దగ్గరికి వచ్చింది. నా దగ్గరికే ఎందుకంటే, ఆ రిజిస్టర్లు చదవగలిగేది నేనొక్కదాన్నే. దొరల గొలుసుకట్టు ఇంగ్లీషు తీగలు పాకినట్టు ఉంటుంది, అలవాటు లేనివాళ్ళకు ఒక్క అక్షరం అందదు. కాలేజీ సెలవుల్లో అయ్యగారికి అవి చదివిపెడుతూ నేర్చుకున్నాను. తాతముత్తాతల బాప్తిస్మాలు వెతుక్కుంటూ ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళకు చూసి చెప్పేదాన్ని. ఆ పని అంటే నాకు ఎంత గర్వమో! చనిపోయినవాళ్ళను పేరు పెట్టి పిలిచి వాళ్ళ మనవల చేతికి ఇస్తున్నట్టు ఉండేది. నా మాట అంటే అందరికీ నమ్మకం.

గుడి పక్క గదిలో కూర్చున్నాం. పురుగు పట్టకుండా పేజీల మధ్య పెట్టిన వేపాకు పొడిపొడిగా రాలుతోంది. ఉపదేశిగారి పేరు దొరికింది. ఆయన బిడ్డల వివరం దొరికింది. కొడుకు ఒక్కడే. రెండో కొడుకు లేడు. ఇంకా కిందికి వెళ్ళాను. పెద్ద కరువు నాటి పేజీల్లో మా ముత్తాత పేరు కనిపించింది. ఆ పంక్తిలో ఉపదేశిగారి పేరూ ఉంది, కానీ తండ్రి అని లేదు. సాక్షి అని ఉంది.

అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. మా ముత్తాత ఎవరికీ ఏమీ కాడు. కరువులో దొరికిన పిల్లవాడు. ఉపదేశిగారి ఇంట్లో పెరిగాడు కాబట్టి ఆ ఇంటి పిలుపు ఆయనకు అంటుకుంది. ప్రభుకూ సుగుణకూ మధ్య రక్తసంబంధం లేదు. వాళ్ళకు కావలసింది అదే. నా వేలు దాని మీదే ఉంది.

"కనపడిందా అక్కా?" అంది సుగుణ.

"ఆఁ."

"ఏమని ఉండాది?"

"ఒకటే ఇల్లు. అన్నదమ్ముల బిడ్డలమే."

తను పుస్తకం మీదికి వంగి చూసింది. నా వేలు తీయలేదు. తీసినా తనకు అర్థమయ్యేది కాదు, అయినా తీయలేదు.

"బాగ సూస్తివా? ఇంగోసారి సూడక్కా."

"సూసినా సుగుణా."

సుగుణ లేచి, ఒళ్ళో పడిన వేపాకు దులుపుకుంది.

"నువ్వు సూసినావంటే ఇంగ సరేలే."

నన్ను పట్టుకున్నది ఆ చివరి మాట. ఒట్టు వేయమని అడిగినా బాగుండేది. అడగలేదు.

ఎందుకు చెప్పాను ఆ అబద్ధం? నాయన పరువు కోసం అని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. ముందు బెంచీలో కూర్చునే మనిషి, అనాథ మనవడు అని తెలిస్తే తలెత్తుకోలేడు అని. వినడానికి బాగుంది కదా? నాయన మీద ప్రేమ. అది సగం కూడా నిజం కాదు. అసలు సంగతి, అప్పటికి నాకు ప్రొద్దుటూరు సంబంధం ఖాయమైంది. వాళ్ళు ఉపదేశి వంశమని విని వచ్చినవాళ్ళు. అత్తగారు కాబోయే ఆమె మాటిమాటికీ ఆ మాటే అనేది. కులం తెలియని కరువు పిల్లవాడి మునిమనవరాలిని వాళ్ళు చేసుకుంటారా? ఆ క్షణంలో నాకు తమ్ముడూ గుర్తు రాలేదు, నాయనా గుర్తు రాలేదు. నా పెళ్ళి గుర్తొచ్చింది.

అక్కడితో ఆగితే, ఏదో నోరు జారిందని అనుకోవచ్చు. ఆగలేదు. అబద్ధం నిజమైపోతే బాగుండు అన్న ఆశతో ఆ వారమే రెవెన్యూ ఆఫీసుకు వెళ్ళాను. రిజిస్టరు రాసిన దొర పొరబడి ఉండవచ్చు కదా. పొలం కొడుకుల పేరు మీదికి వచ్చి ఉంటే అందులో మా ముత్తాత ఉంటాడు కదా. తెలిసిన గుమస్తా పాత భూమి లెక్కలు తీసి చూపించాడు. పెద్దముడియం పొలం ఉపదేశిగారిదే. ఆయన తర్వాత ఒక్క కొడుకుది. సాగు చేసేవాళ్ళ వివరం దగ్గర మా ముత్తాత పేరుంది, పక్కన 'జీతగాడు' అని ఉంది. ఈసారి గొలుసుకట్టు కూడా కాదు, శుభ్రమైన తెలుగు. గుమస్తా "దొరికినాడామ్మా మీ తాత?" అన్నాడు. లేదని చెప్పి బయటికి వచ్చాను. సుగుణ వాళ్ళ ఇల్లు ఆ దారిలోనే. ఆ గుమ్మం ముందు నుంచే నడిచి వెళ్ళిపోయాను. మొదటిసారి భయపడి చెప్పాను. రెండోసారి తెలిసి తెలిసి ఊరుకున్నాను. నా తప్పు ఏది అని అడిగితే రెండోదే అంటాను.

నా పెళ్ళి అయింది. మరుసటి ఏడు ప్రభుకు పెళ్ళి చేశారు. వాడు అప్పటికి పులివెందులలో మెకానిక్కు పనిలో కుదిరాడు. సుగుణ మీద అలిగి కాదు, ఎవరి మీదా అలగకుండానే, చూపించిన పిల్లను సరేనన్నాడు. పెళ్ళిరోజు ఏం జరిగిందో చెప్పాలి. మిగిలినదంతా మరిచిపోయినా నేను మరవలేనిది అదే.

కొత్త దంపతులు ఇంటికి వస్తే ఆడబిడ్డ గుమ్మానికి అడ్డం నిలబడుతుంది. ఒకరి పేరు ఒకరితో చెప్పించి గానీ లోపలికి రానివ్వదు. మీ కూతుర్ని నా కొడుక్కిస్తారా అని ముందే మాట తీసుకుంటుంది. తోడబుట్టిన దాన్ని నేనున్నాను. కానీ ఊళ్ళో గుసగుసలు ఇంకా ఆగలేదు. అందుకని మా నాయన తెలివైన ఆలోచన చేశాడు. సుగుణనే నిలబెడితే ఊరి నోళ్ళు మూతపడతాయి అన్నాడు. కబురు పెడితే సుగుణ వచ్చింది. వాళ్ళమ్మ చీర కట్టుకుని వచ్చి మా గుమ్మంలో రెండు చేతులూ చాపి నిలబడింది. "పేరు చెప్పన్నా, చెప్పకపోతే ఈన్నే ఉంటావు," అంది. ప్రభు తల వంచుకుని తన భార్య పేరు సుగుణకు చెప్పాడు. అందరూ నవ్వారు. సుగుణ కూడా నవ్వింది. అన్నా అని తను వాణ్ణి పిలవడం అదే మొదటిసారి. ఆడబిడ్డకు పెట్టాల్సిన చీర పళ్ళెంలో తెచ్చి ఆమె చేతిలో పెట్టింది నేను.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది కాదా? చెప్పి ఏం లాభం అనుకున్నాను. పెళ్ళయిపోయింది కదా. తర్వాత సుగుణకూ పెళ్ళయింది. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం ఆయనకు, మంచివాడు. అప్పుడూ అదే అనుకున్నాను. పిల్లలు పుట్టారు. మళ్ళీ అదే. మాట దాచుకునేవాళ్ళకు కారణాలు కరువా?

ఈలోగా అబద్ధం సంసారం చేసుకుంది. ప్రభు నిజంగానే అన్న అయిపోయాడు. సుగుణ పిల్లలకు మేనమామ చేయాల్సినవన్నీ చేశాడు. ప్రతి క్రిస్మసుకూ ప్రొద్దుటూరు వచ్చి, నన్ను వెంటబెట్టుకుని బట్టల అంగళ్ళన్నీ తిప్పి, సుగుణకు పుట్టింటి చీర కొంటాడు. రంగు నేను చెప్పాలి. నేనే చెప్పాను, ఇన్నేళ్ళూ. సుగుణ ఆ చీర కట్టుకుని జమ్మలమడుగు గుడికి పండగ ఆరాధనకు వస్తుంది. "మా అన్న పెట్టినాడు," అని అందరికీ కొంగు చూపిస్తుంది. ఆమె ఏం మింగి ఆ మాట అనడం నేర్చుకుందో నాకు తెలియదు. కొన్నాళ్ళకు మింగడానికి ఏమీ మిగలకపోయి ఉండవచ్చు. అది నాకింకా భయం.

మా ఆయనకు కూడా చెప్పలేదు. ఒకసారి అత్తగారు వంశం గొప్పలు చెబుతుంటే ఆయన నవ్వి, "వంశం ఎవరికి కావాల, ఈమె చేసే ఉగ్గాని చాలు నాకు," అన్నాడు. ఆ రోజు వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. ఆయనకు ఏనాడూ అక్కరలేని దాని కోసం నేను ఇద్దరి బతుకు మార్చాను. తిలాపాపం తలాపిడికెడు అంటారు. పంచుకోవడానికి నా పాపంలో ఇంకెవరూ లేరు. నాయన కూడా లేడు. ఆయన తను నమ్మిందే చెప్పాడు. తెలిసి చెప్పింది నేను.

ఇప్పుడెందుకు చెబుతున్నాను? జమ్మలమడుగు గుడిలో అయ్యగారు మారారు. కొత్తాయన పాత రిజిస్టర్లన్నిటినీ ఫోటోలు తీయించి, ఏ కుటుంబం పంక్తులు ఆ కుటుంబానికి తెలుగులో రాసి గుడి గోడకు పెడదామన్నాడు. గొలుసుకట్టు చదవడానికి నన్నే పిలిచాడు. అందరివీ రాస్తూ వచ్చాను. కరువు పేజీలు వచ్చాయి. చేయి ఆగింది. ఫోటోలో అక్షరాలు వేలంత పెద్దవి చేసి చూడొచ్చు, ఓపికగా కూర్చుంటే ఈ రోజుల్లో ఏ పిల్లవాడైనా కూడబలుక్కుని చదవగలడు. నేను రాయకపోయినా ఎవరో చదువుతారు. కాబట్టి నేను సత్యం మీద ప్రేమతో బయలుదేరానని చెప్పను. దొరికిపోతానని బయలుదేరాను. అదీ మీకు తెలియాలి. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. తెలిసేలోపు నా నోటితో చెబుదామని ఎర్రగుంట్ల బస్సెక్కాను.

సుగుణ బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను. పుస్తకం సంగతి, పొలం సంగతి, ప్రొద్దుటూరు సంబంధం సంగతి. ఆమె బియ్యం ఏరుతూనే ఉంది. చేట దించలేదు. బయట రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి. నేను ఆపేశాక, "మరి అన్నకు..." అని మొదలుపెట్టి ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఇంకో మాట కోసం వెతుక్కుంది. దొరకలేదు.

లేచి లోపలికి వెళ్ళి బీరువా తెరిచింది. కింద అరంతా ఆ చీరలే. మడత పెట్టి, పాత పంచెలో చుట్టి ఉన్నాయి.

"ఇంగ ఈటినేం జేయాలక్కా నేను?" అంది.

టీ ఇచ్చింది, తాగాను. ఎప్పుడూ బస్సు దాకా వచ్చేది, ఆ రోజు రాలేదు. అప్పటి నుంచి ఫోను కూడా లేదు. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆమె మీద ఇంకో పని పెట్టినట్టే అవుతుంది.

నిన్న ప్రభు ఫోటో పంపాడు. ఈ ఏడు పులివెందులలోనే కొన్నాడట చీర. నెమలికంఠం రంగు. 'సుగుణకు బాగుంటాదా అక్కా?' అని రాశాడు. చాలాసేపు చూశాను. బాగుందని రాయలేదు. రేపు వస్తున్నా, నీతో మాట్లాడాల అని రాశాను.

వాడేమంటాడో తెలియదు. సుగుణ ఈ క్రిస్మసుకు వస్తుందో రాదో తెలియదు. కానీ గుడి గోడకు పెట్టే కాగితం మీద మా ఇంటి పంక్తి రాసేశాను. రాసిన తర్వాత చేతులు తేలికయ్యాయి, అది అబద్ధం కాదు. ఆ రోజు సుగుణ పక్కన కూర్చుని నేను చదవవలసింది ఇంతే.

యాకోబు. వయసు ఆరేళ్ళు ఉండవచ్చు. తల్లిదండ్రులు తెలియరు. కరువులో పెన్న ఒడ్డున దొరికినవాడు.

ఆయన మా ముత్తాత.