డ్రైవరు ఇంట్లో కుర్చీ

నేను మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, కంపెనీ కారు డ్రైవరు నాకు డోరు తీసి పట్టుకుంటే చిరాకుపడేవాణ్ణి. మలేషియాలో ఎవరి డోరు వాళ్ళే తీసుకుంటాం. నెల తిరిగేసరికి, అతను వచ్చి తీసేదాకా కారు పక్కనే సిగ్గులేకుండా నిలబడటం అలవాటైపోయింది.

మొన్న వేసవిలో అతను గుండెపోటుతో పోయాడు. వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో చిన్న పందిరి కింద శవపేటిక, పక్కన ఉన్న ఒకే ఒక కుర్చీలో వాళ్ళమ్మ. నన్ను చూసి ఆమె లేచి, కొంగుతో కుర్చీ తుడిచింది.

"కూసోండి సార్. మీరు ఎండకు తాళలేరని మావాడు చెప్తా ఉండినాడు."

వద్దనే మాట నోటిదాకా వచ్చింది. కూర్చున్నాను. ఆ నీడ కొడుకు పెట్టెకూ నాకూ సరిపోయింది. ఆమె ఎండలో నిలబడింది.